తరళ అడిగిందని చెప్పిన మనిషి

సర్వేశ్వరరావు రోజూ పొద్దున్నే కొట్టు షట్టరు ఎత్తకముందు గుమ్మం పక్కన ముక్కాలిపీట వేసి, దాని మీద నీళ్ల బిందె పెడతాడు. పక్కన రెండు స్టీలు గ్లాసులు బోర్లిస్తాడు. చలి రోజుల్లో ఆ నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. ఆయన భార్య రత్నాలు పొయ్యి మీద కాచి ఇస్తే, చల్లారిపోకుండా బిందెకు గోనెపట్టా చుట్టి తెస్తాడు. కొండ మీది ఊళ్ల నుంచి చీకటితోనే బయలుదేరి దిగేవాళ్లకు మా సంత వీధిలో మొదట తగిలే కొట్టు వాళ్లది. రెండోది మాది. పదిహేడేళ్లుగా చూస్తున్నాను. బిందె పెట్టాకే సింహాచలం అప్పన్న పటానికి దండం పెట్టుకుంటాడు.

"ముందు దేవుడికి దండం పెట్టుకుని తర్వాత నీళ్లు పెట్టొచ్చు కదా" అన్నాను ఒకసారి.

"దాహంతో ఒచ్చినోడు గుమ్మంలో నిలబడుంటే అప్పన్న నా దండం పుచ్చుకుంటాడేటి వదినా?" అన్నాడు.

ఆయనది శృంగవరపుకోట దగ్గర పల్లె. వాచీలు బాగుచేసే పని మీద అరకు లోయకు వచ్చి, ముంచంగిపుట్టు దారిలో ఉన్న మా ఊళ్లో నిలిచిపోయాడు. వాచీలు పెట్టుకునేవాళ్లు తగ్గాక క్యాసెట్లు అమ్మాడు. అవి పోయాక సీడీలు. ఇప్పుడు చిప్పులు. మెమరీ కార్డును ఇక్కడ అందరూ చిప్పు అనే అంటారు. కొండ మీద చాలా ఊళ్లకు ఇప్పటికీ టవరు అందదు. అక్కడ ఫోను ఉందంటే అది మాట్లాడటానికి కాదు, పాటలు వినడానికి. సంతకు దిగినప్పుడు ఫోనులోంచి చిప్పు తీసి సర్వేశ్వరరావు చేతిలో పెడతారు. ఆయన పాత పాటలు తుడిచి కొత్తవి ఎక్కిస్తాడు. ఈలోగా వాళ్లు అల్లమో రాజ్‌మా గింజలో అమ్ముకుని, ఉప్పూ నూనే కొనుక్కుని వస్తారు.

ఆ చిప్పుల్లో పాటలకు ముందు ఆయన గొంతు వినబడుతుంది. అది ఎలా మొదలయిందంటే, ఒక ఏడాది నర్సు అప్పలనర్సమ్మ పిల్లలకు టీకా సూదులు వేసే రోజు చెబుదామని కొండ ఎక్కింది. తీరా వెళితే ఊళ్లో ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరు, అందరూ చేల మీద ఉన్నారు. మోకాళ్లు పట్టుకుని దిగివచ్చి ఆయన కొట్టు బల్ల మీద కూలబడింది. రత్నాలు మజ్జిగ ఇచ్చింది. సర్వేశ్వరరావు కాసేపు ఆలోచించి, కంప్యూటరుకు మైకు తగిలించి, "నేను సర్వేశ్వరరావుని. పాట ముందర ఒక మాట వినండి" అని మొదలుపెట్టి, ఏ రోజు, ఎక్కడ, ఏ వయసు పిల్లల్ని తీసుకురావాలో చెప్పాడు. ఆ మాటను ప్రతి చిప్పులో మొదట పెట్టాడు. చెప్పిన రోజుకు తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వరసగా దిగివచ్చారు. అప్పలనర్సమ్మకు మందు చాలక మళ్లీ తెప్పించుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి రేషను కబురైనా, జ్వరాల పరీక్షల కబురైనా పైకి వెళ్లేది ఆయన గొంతులోనే. కాగితం మీద రాసింది వాళ్లు చదవలేరు. కొత్తవాళ్లు చెబితే నమ్మరు. ఆయన చెబితే నమ్ముతారు.

ఇక తరళ సంగతి. ఆ అమ్మాయి పేరు తెలియనివాళ్లు లేరు. ఎక్కడో హైదరాబాదులో పెద్ద దీపాల కింద నిలబడి, గిటార్లూ డ్రమ్ములూ మోగుతుంటే, పక్కింటి పిల్ల నవ్వుతూ కసిరినట్టు పాడేది. ఇక్కడ కరకపుట్టు ఊళ్లో ఆడవాళ్లు ఆ పాటలు పెట్టుకుని చోడి చేలు, అంటే రాగి చేలు, కోసేవాళ్లు. మాట సగం అర్థమయ్యేది, సగం కాదు. గొంతు మాత్రం పూర్తిగా అర్థమయ్యేది.

నాలుగేళ్ల కిందట కరకపుట్టు బుద్రి చిప్పు ఇస్తూ అడిగింది. యాభై దాటిన మనిషి, తల మీద బుట్ట ఇంకా దించలేదు.

"బాబూ, ఈ గుంట ఇంత బాగా పాడతాది కదా. కొండ మీద మేం దాని పాట ఇంటన్నామని దానికి తెలుసా?"

సర్వేశ్వరరావు తల ఎత్తి చూశాడు. బుద్రి మొహంలో ఏం కనిపించిందో ఏమో, "తెలీకేటి? మొన్న మిమ్మల్ని అడిగింది కూడా" అనేశాడు.

ఆ పూట బుద్రి నడకే మారిపోయింది. మరుసటి సంతకు కొంగులో రాజ్‌మా మూట కట్టుకుని వచ్చింది, తరళకు పంపమని. ఆయన పుచ్చుకోలేదు. "తనకన్నీ ఉన్నాయట, మీ పిల్లలకే వండి పెట్టమంది" అని తిప్పి పంపాడు. ఆ తర్వాత అది ఆనవాయితీ అయిపోయింది. చిప్పులో కబుర్లు చెప్పాక చివర ఒక మాట కలిపేవాడు. "తరళ మిమ్మల్ని అడిగింది, అల్లం బాగా పండిందా అంది." "తరళకి జలుబు సేసింది, అందుకే ఈ నెల కొత్త పాట లేదు." "పిల్లలకి సూదులు యేయించారా లేదా అని తరళ అడిగింది."

ఊళ్లో మాకందరికీ ఇది తెలుసు. ఆటో రవికుమార్‌కైతే పొద్దున్నే ఆయన్ని ఏడిపించకపోతే టీ దిగేది కాదు. "ఏటి మావా, రాత్రి తరళ ఫోన్ సేసిందా? నా ఆటోకి టైర్లు కొంటానందా?" అనేవాడు. సర్వేశ్వరరావు కూడా నవ్వేవాడు. నేను మాత్రం ఒకసారి, "ఎందుకండీ లేనిపోనిది" అన్నాను. "ఏటి పోయింది వదినా? ఆ మాట కోసం అయినా పిల్లల్ని బేగి దింపుతారు" అన్నాడు. ఆయన మనసు తెలుసు కనక నేనూ ఊరుకున్నాను. నా తప్పూ ఉంది అందులో.

ఈ కార్తీకంలో ఒక మంగళవారం కరకపుట్టు సుక్రు కాఫీ పళ్లు ఇవ్వడానికి దిగాడు. ఊరి పెద్ద అతను. బుద్రికి వరసకు అన్న. వెళుతూ వెళుతూ చిప్పు ఎక్కించుకున్నాడు. అందులో సర్వేశ్వరరావు చివర కలిపిన మాట ఇది: "చలి తగ్గాక తరళ అరకు వస్తుందట. మిమ్మల్నందర్నీ చూస్తానంది."

ఆ రాత్రే తరళ చనిపోయింది.

బుధవారం పొద్దున మా వీధిలో ఆ కబురు తెచ్చింది రవికుమారే. ఆటో రోడ్డు మధ్యలోనే ఆపేసి, ఫోను ముందుకు చాచి పట్టుకుని వచ్చాడు. ఆ వేళ వేళాకోళం లేదు.

"మావా, ఇది సూడు. అబద్ధం కదా? ఎవడో కావాలని పెట్టుంటాడు కదా?"

సర్వేశ్వరరావు కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ఏదో ఊళ్లో పాటల కార్యక్రమం ముగించి, కారెక్కుతూ కూలిపోయిందట. ఆసుపత్రికి చేర్చేలోపే గుండె ఆగిపోయిందట. ఇరవై తొమ్మిదేళ్లు. చనిపోవడానికి గంట ముందు చెయ్యి ఊపుతూ నవ్విన వీడియో ఒకటి, తర్వాత దుప్పటి కప్పిన స్ట్రెచరు. రెండూ పక్కపక్కనే తిరుగుతున్నాయి.

"అబద్ధమే అయ్యుంటాది" అన్నాడు సర్వేశ్వరరావు. టీ కొట్టులో టీవీ పెట్టారు. అక్కడా అదే. టీ కాచే కుర్రవాడు పాలు పొంగి పొయ్యి ఆరిపోతున్నా చూడలేదు. సర్వేశ్వరరావు తిరిగివచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బిందె పెట్టాడు కానీ గ్లాసులు పెట్టడం మరిచిపోయాడని అప్పుడు గమనించి, మా ఇంటివి రెండు తెచ్చి పెట్టాను. ఆయన చూడనేలేదు.

మధ్యాహ్నానికి కూడలిలో ఫ్లెక్సీ కట్టారు. తరళ నవ్వుతున్న బొమ్మ, చుట్టూ చామంతి దండ. ఆటోల అద్దాలకు నల్లగుడ్డలు కట్టారు. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఆడపిల్లలు అన్నం ముట్టలేదని విని, కార్తీక ఉపవాసంలో ఉన్న రత్నాలు పులిహోర కలిపి క్యారియరు పట్టుకుని వెళ్లింది. ఇద్దరు మరీ చిన్నపిల్లలకు తానే ముద్దలు కలిపి పెట్టి వచ్చింది.

"నిన్న ఉన్న మనిషి నేదంటే ఆ పిల్లలకి బుర్రకెక్కట్లేదక్కా. 'మరి పాట వస్తంది కదా, మనిషెలా పోతాది' అని అడుగుతన్నారు. నేనేటి సెప్పను?" అంది నాతో.

గురువారం సుక్రు అల్లం మోసుకుని దిగాడు. కూడలిలో ఆ బొమ్మ చూశాడు. చదువు రాకపోయినా దండకు అర్థం తెలుసు. ఎవరినో అడిగి పేరు రూఢి చేసుకుని, అల్లం బస్తా మా అరుగు మీద పడేసి, సర్వేశ్వరరావు కొట్టు వైపు ఒకసారి చూసి, దుఃఖంలో ఉన్న మనిషిని ఏం పలకరిస్తాంలే అనుకున్నాడో ఏమో, వచ్చిన దారినే కొండెక్కేశాడు. ఆ సాయంత్రమే అప్పలనర్సమ్మ వచ్చి చీటీ ఇచ్చింది. వచ్చే మంగళవారం పిల్లలకు సూదులు. మూడు ఊళ్లలో తట్టు కనబడిందట.

"ఈసారి ఒక్క పిల్ల తప్పిపోయినా కష్టం సర్వేశ్వరరావుగారూ, గట్టిగా చెప్పండి" అంది.

ఆయన మైకు ముందు కూర్చున్నాడు. "నేను సర్వేశ్వరరావుని" అన్నాడు. ఆపేశాడు. మళ్లీ అన్నాడు. మళ్లీ ఆపేశాడు. మా కొట్టులోకి వినబడుతూనే ఉంది.

శుక్రవారం సంత. పొద్దు పొడిచాక కరకపుట్టు వాళ్లు దిగారు. మామూలుగా అయితే దూరం నుంచే కబుర్లూ నవ్వులూ వినబడతాయి. ఆ రోజు పద్నాలుగు మంది వరసగా, చప్పుడు లేకుండా వచ్చి సర్వేశ్వరరావు కొట్టు ముందు ఆగారు. అమ్మకానికి బుట్టలు లేవు. ముందు బుద్రి, వెనక సుక్రు. ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో పెట్టారు. చోళ్ల మూటలు, రాజ్‌మా, ఒక గుమ్మడికాయ, మడత విప్పని కొత్త చీర. కరకపుట్టులో ఎవరింట చావు జరిగినా ఇంటింటి వాళ్లూ గింజలు పట్టుకెళతారు, ఆ ఇంట్లో పొయ్యి ఆగకూడదని. పెట్టేసి అందరూ నేల మీద కూర్చున్నారు. ఒకామె చంకలో బిడ్డ ఏడిస్తే పాలకిచ్చి ఊరుకోబెట్టింది.

రత్నాలు లోపలి నుంచి వచ్చి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బాబూ, నీకు ఎరికైన మనిషి పోయింది. నువ్వు తిన్నావో నేదో" అంది బుద్రి. "ఈ గింజలు ఆ గుంట తల్లికి పంపు. ఈ చీర ఆ గుంట మీద కప్పమను. మేం వెళ్లే దారి మాకు తెలీదు."

సర్వేశ్వరరావు లేచి నిలబడ్డాడు.

"చలి తగ్గాక వస్తానంది గదా" అన్నాడు సుక్రు. "చిప్పులో సెప్పినావు గదా. మొన్న మంగళవారం గదా. మేం ఇళ్లు అలుకుదామనుకున్నాం. ఎక్కడ కూకోబెట్టాలా అని ఆడోళ్లు తగూ పడ్డారు. మూడు రోజుల్లో ఏటైపోయింది బాబూ?"

బుద్రి ముందుకు జరిగింది. "పోయే ముందర నీతో మాటాడింది గదా. మమ్మల్ని ఏటడిగింది? ఆ ఆఖరి మాట ఇని ఎల్లిపోతాం."

సంతలో అరుపులు, బేరాలు, పక్క వీధిలో ఆటోలో తరళ పాట. ముందు రత్నాలే తేరుకుంది. ఆమె మెత్తని మనిషి. భర్త మొహం చూడలేకపోయింది.

"మీ గురించేనమ్మా. పడుకునే ముందర కరకపుట్టు అక్కని అడిగానని సెప్పమని..."

"రత్నాలూ" అన్నాడు సర్వేశ్వరరావు. గట్టిగా అనలేదు. ఆమె ఆగిపోయింది.

ఆయన గుమ్మం దిగి వచ్చి, వాళ్ల ఎదురుగా, నేల మీదే కూర్చున్నాడు. పదిహేడేళ్లలో వాళ్లతో సమంగా ఆయన కూర్చోవడం చూశాను కానీ, అలా తల దించుకుని కూర్చోవడం చూడలేదు.

"బుద్రీ, ఆ అమ్మాయి నాతో ఎప్పుడూ మాటాడలేదు. నేనామెని సూడలేదు. ఆమెకి నేను తెలీదు. కరకపుట్టు అనే ఊరుందనీ తెలీదు. నాలుగేళ్ల కిందట నువ్వడిగినప్పుడు నీ మొహం సూసి ఒక అబద్ధం ఆడినాను. తర్వాత వారం వారం ఆడతానే ఉన్నాను. చలి తగ్గాక వస్తానన్నదీ నేనల్లిందే. నేను ఆ మాట సెప్పిన రాత్రే ఆ అమ్మాయి పోయింది."

కొంతసేపు వాళ్లకు అర్థం కాలేదు. ఒక ముసలామె పక్కామెను వాళ్ల భాషలో అడిగింది. ఆమె చెప్పింది. ముసలామె సర్వేశ్వరరావును చూసిన చూపు నేను మరిచిపోలేను. కోపం లేదు అందులో. ఇంట్లో వెలుగుతున్న దీపం ఎవరో ఊదేస్తే చూసినట్టు చూసింది.

సుక్రు లేచాడు. "నవ్వుకున్నారా బాబూ మీరంతా?" అని మా వైపు కూడా చూశాడు. నేను తల దించుకున్నాను. రవికుమార్ టీ గ్లాసు పట్టుకుని అక్కడే ఉన్నాడు. అతనూ తల దించుకున్నాడు.

"మరి సూదుల కబురు? అదీ నువ్వల్లిందేనా? రేషను కబురు? జొరం పరీక్ష? ఏది నిజం, ఏది కాదు, మాకెలా తెలుస్తాది? రాసింది మేం సదవలేం. నీ గొంతొక్కటే మాకు తెలుసు. దాన్నీ తీసేసినావు."

"అవన్నీ నిజం సుక్రూ. ఆ అమ్మాయి మాటొక్కటే అబద్ధం."

"ఇప్పుడు నువ్వు సెప్తున్నావు" అన్నాడు సుక్రు.

సర్వేశ్వరరావు చొక్కా జేబులో అప్పలనర్సమ్మ ఇచ్చిన చీటీ ఉంది. దాన్ని తీశాడు, చూశాడు, ఎవరికి చూపించాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. పాలు తాగుతున్న బిడ్డ వైపు ఆయన చూపు వెళ్లింది. ఆ బిడ్డకు ఏడాది ఉండదు.

ఇద్దరు ఆడవాళ్లు లేచి తమ మూటలు తీసుకోబోయారు. బుద్రి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉంచండి. ఆ గుంటకి మనం తెలీకపోతే పోనీ. సచ్చిపోయింది నిజమే గదా? తల్లి ఉంటాది గదా ఎక్కడో." అప్పటిదాకా పొడిగా ఉన్న ఆమె కళ్లు ఆ మాటతో నిండిపోయాయి. కొంగుతో తుడుచుకుని సర్వేశ్వరరావు వైపు తిరిగింది. "నాలుగేళ్లు, బాబూ. సేలో నడుం నొప్పెట్టినప్పుడల్లా అనుకునేదాన్ని, అదిగో ఆ గుంట అడుగుతాది, అల్లం బాగా పండాల అని. నువ్వెందుకలా సేసినావు?"

"నువ్వు సంతోషపడతావని" అన్నాడు. "అంతకన్నా ఏటీ నేదు. నువ్వు సంతోషపడితే బాగుండేది. నాకూ బాగుండేది."

రత్నాలు గ్లాసుల్లో నీళ్లు పోసి ఒక్కొక్కరికీ అందిస్తూ పోయింది. కొందరు తాగారు. సుక్రు తాగలేదు. తాగకపోయినా గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు, అదే గొప్ప అనుకున్నాను. అప్పలనర్సమ్మ సంతలోంచి ఎవరో చెబితే పరుగున వచ్చి, వాళ్లను చూసి, చీటీ పట్టుకుని నేల మీద కూర్చున్న సర్వేశ్వరరావును చూసి, సంగతి తెలుసుకుని స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది.

"మంగళవారం సూదులు నిజమేనమ్మా" అంది చివరికి, మెల్లగా. "తట్టు వచ్చింది. నేను మీ ఊరొచ్చి నా చేతులతో పురుడు పోశాను, నన్నెరుగుదురు కదా."

బుద్రి తల ఊపింది. "నువ్వు నిజమే సెప్తావు. నిన్ను సూత్తన్నాను. మా ఊరికి నేను సెప్తాను. మా పిల్లల్ని నేను దింపుతాను." చీటీ వైపు చూసి, "మిగతా ఊళ్లకి?" అంది.

ఆ రోజు సంతకు మరో ఆరు ఊళ్ల చిప్పులు రావాలి. వాటన్నిటిలోనూ నాలుగేళ్లుగా తరళ అడిగింది. కరకపుట్టు నుంచి ఈ మాట నడిచి ఆ ఊళ్లకు చేరిందంటే, సర్వేశ్వరరావు గొంతు ఒక్క మంగళవారానికైనా నమ్మకం లేని గొంతు అయిపోతుంది. ఈ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

సర్వేశ్వరరావు లేచి లోపలికి వెళ్లి మైకు తీసుకువచ్చాడు. దాని తీగ గుమ్మం దాకా అందలేదు. రత్నాలు కుర్చీ జరిపి, బల్ల జరిపి, తీగను చేత్తో ఎత్తి పట్టుకుంది. ఆయన మైకును బుద్రి ముందు, చోళ్ల మూటల పక్కన, నేల మీద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"ఇయ్యాళ నుంచి పాటల ముందర నా గొంతు పెట్టను తల్లీ. నీ గొంతు పెడతాను, కొండ మీదోళ్లు నీ మాట నమ్ముతారు. సర్వేశ్వరరావు అబద్ధమాడినాడు, తరళకి మనం తెలీదు, ఆ గుంట సచ్చిపోయింది, ఇదంతా నువ్వే సెప్పు. ఆ తర్వాత సూదుల మాట సెప్పు. నన్ను తిట్టాలనుంటే తిట్టు, తుడవను. పిల్లల్ని మాత్రం దింపమని సెప్పు. ఈ ఒక్క సాయం సెయ్యి."